కోడిగుడ్డు కట్టు, గిటారు, మా మామ

విరిగిన కుడిచేత్తో గిటారు వాయించి ఆళ్లగడ్డ చర్చి మొత్తాన్ని కంటతడి పెట్టించినవాడు ఈ భూమ్మీద ఒక్కడే. ఆ ఒక్కడు నేనే. నవ్వకండి. ఆ రోజు జరిగిన ఘోరం వింటే మీ కళ్లలోనూ నీళ్లు తిరుగుతాయి. ఎందుకన్నది చివర్లో తేలుతుంది.

డెబ్బైల చివరినాటి మాట. నంద్యాలలో మా చర్చి పాటల బృందానికి గిటారు నాదే. అలాంటి నాకు ముంజేయి విరిగింది. ఎద్దు కుమ్మిందని ఊరంతా చెప్పుకున్నాను గానీ, నిజానికి బట్టలుతికే బండ మీద సబ్బు నురగకు జారాను.

మూడు వారాల్లో ఆళ్లగడ్డలో స్నేహితుడి పెళ్లి, అక్కడ పాటకు గిటారు నేనే వాయించాలి. చేసుకుంటే సుగుణనే చేసుకుంటానని అప్పటికే ఇంట్లో మొండికేసి ఉన్నాను. వాళ్ల నాయన ఆ ఊళ్లో బడిపంతులు. "పిల్లోన్ని ఆ పెండ్లిలో సూస్తా. ఆపైన మాట్లాడుదాం" అని కబురు పెట్టాడు. చెయ్యి విరిగినవాడికి పిల్లనెవరిస్తారు? కట్టు కనబడకుండా వాయించి తీరాలి.

ఉపాయం కనిపెట్టాను. ఒళ్లో అమ్మ దూది దిండు, దాని మీద వెల్లకిలా గిటారు, దాని పొట్ట మీద పసిబిడ్డలా నా కట్టు చెయ్యి. వేళ్ల కొసలతో మీటడమే. నొప్పి లేదు. సింహాసనమెక్కిన రాజుకు కూడా అంత సుఖం ఉండదు.

పెళ్లినాడు పొద్దున్నే ఆళ్లగడ్డలో బస్సు దిగి, కట్లు కట్టే మస్తాన్ తాత దగ్గరికి పోయాను. వారం వారం కట్టు మార్చేది ఆయనే. తెల్లసొనలో మినప్పిండి కలిపి, గుడ్డకు పట్టించి, వెదురు బద్దలు పెట్టి బిగించాడు.

"ఆరేదాంకా ఎండలో కూసో. దేనికీ ఆనించాకు. ఇంటాండావా?"

"ఎంతసేపు తాతా?"

"మద్యాన్నం దాంకా."

"ఆ లోపల పెండ్లయిపోతాది!"

"పెండ్లి నీదా?"

"కాదు. నాదీ ఆడనే తేలాల."

ఆనించొద్దన్న ఒక్క ముక్కే మరిచిపోయాను. బావ కోటు అడిగి తెచ్చుకున్నాను గానీ కట్టు దాని చేతిలో దూరలేదు. భుజాల మీద కప్పుకుని, దిండూ గిటారూ ఒళ్లో పెట్టుకుని చర్చిలో కూర్చున్నాను. మొదటి వరుసలో పంతులుగారు, పక్కనే సుగుణ. వాయించాను. ఏం వాయించడమనుకున్నారు! రెండు వరుసల జనం రుమాళ్లు తీశారు.

పాట అయింది. "ప్రార్థనకు లేచి నిలబడండి" అన్నారు పాస్టరుగారు.

లేచాను. గిటారూ లేచింది.

కోటు జారింది, దిండు పడింది. గిటారు మాత్రం సంతలో తప్పిపోతానని భయపడిన పిల్లాడిలా నా చేతిని కరుచుకుని వేలాడుతోంది. విదిలించాను. ప్రాణం పోయినంత పనైంది.

పంతులుగారు వంగి చూశారు. "ఏందప్పా అది?"

"గిటారు సార్."

"అది తెలుస్తాండాది. చేతికేంది?"

"కోడిగుడ్డు సార్."

చివరికి మస్తాన్ తాతే వేణ్ణీళ్ల చెంబుతో వచ్చి, తడిపి తడిపి ఊడదీశాడు. ఆయన తిట్లు ఆ నీళ్లకంటే వేడిగా ఉన్నాయి.

అయినా నా సంగీతానికి కరిగి పంతులుగారు పిల్లనిచ్చారు. నేనూ చర్చి మెట్ల మీద నిలబడి శపథం చేశాను: ఈ జన్మలో తెల్లసొన ఆరకముందు తీగల వాద్యం ముట్టను. ఆమ్లెట్టు తిన్నా సరే, చేతులు సబ్బుతో కడుక్కునే గిటారు పడతాను.

ఇదంతా రాసి సుగుణకు చదివి వినిపించాను. చింతపండులో గింజలు తీస్తూ వింది.

"కట్టు తీగల మీద పండుకుంటే నీ గిటారు యాడ మోగింది? దిండేసుకొని, కండ్లు మూసుకొని, మోగని గిటారు మీద తల ఊపుతాంటివి. జనాలు నవ్వాపుకోలేక రుమాళ్లు తీసినారు."

"మరి మీ నాయన ఒప్పుకున్నాడు కదా?"

"నీ పాటకా? నేను రెండు దినాలు అన్నం ముట్టకుంటే ఒప్పుకున్యాడు."