వేలిముద్రలో మెదడును చూసిన సారు

ఈ రోజు పటమటలో మా అక్క కూతురి స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ ఉంటే, అక్కకు తోడుగా వెళ్లాను. అక్కడ కౌన్సెలర్ ఒకాయన పిల్లల వేలిముద్రలు స్కాన్ చేసి, వాళ్లు ఏ చదువుకు పనికొస్తారో చెప్తున్నాడు. మా పాప మృదంగం నేర్చుకుంటోందని అక్క చెప్పింది.

"పాప మెదడులో చేతుల్ని కదిలించే భాగం ఉంది చూశారూ, అక్కడ జీన్స్ సరిగ్గా పనిచేయట్లేదండీ. మృదంగం మానిపించి ఐఐటీ ఫౌండేషన్‌లో వేసేయండి" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. కోతుల మెదడులో సరిగ్గా ఆ భాగంలోనే ఏ జీన్స్ ఎంత పనిచేస్తున్నాయన్నది నా పీహెచ్‌డీ. అది తెలియాలంటే ఆ మెదడు ముక్కే కావాలి. చనిపోయిన కోతుల నుంచి తీసుకుంటాం.

ఆయనకు నా పీహెచ్‌డీ సంగతి చెప్పి, "ముక్క తీయకుండా మీకెలా తెలిసింది సార్?" అని అడిగాను.

"మీది కోతుల సబ్జెక్టు మేడమ్. ఇది పిల్లల సబ్జెక్టు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అక్క నా చేయి గిల్లి, "నువ్వూరుకోవే, సారు చెప్తున్నారుగా" అంది. ఆటో ఎక్కగానే మృదంగం మాస్టారికి ఫోన్ చేసి, పాప ఇక క్లాసుకు రాదని చెప్పేసింది.

ఏది దొరికితే దాని మీద దరువేసే పిల్ల, ఇల్లు చేరేదాకా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మీ పిల్లల వేళ్లు చూసి కూడా ఎవరైనా ఇలా తేల్చేశారా? ఆ పిల్లలు ఇప్పుడేం చేస్తున్నారో కింద రాయండి. రేపు పొద్దున్నే అన్నీ అక్కకు చదివి వినిపిస్తాను.