ముందు కొమ్మ పట్టుకో

వాన వెలిసిన అడవిలో నాచు పట్టిన దేవదారు మొద్దు వాసన తగిలితే చాలు, ఇందిరగారు గుర్తొస్తారు. నేను చదువుకోవడానికి కెనడాలోని బ్రిటిష్ కొలంబియాకు వచ్చిన ఏడాది నాలాంటి విద్యార్థులు విమానాల నిండా దిగుతున్నారు. అద్దెకు గది దొరకడమే గగనం. అలాంటప్పుడు మా నలుగురు ఆడపిల్లలకు తన బేస్‌మెంట్ ఇచ్చిన మనిషి ఆవిడ. రాజమండ్రిలో బోటనీ లెక్చరర్‌గా చేసి వచ్చారు. ఇక్కడ ఆ డిగ్రీ చెల్లలేదు. రిటైరయ్యేదాకా మొక్కలమ్మే దుకాణంలో కౌంటర్ దగ్గర నిలబడ్డారు. ఆ సంగతి ఎత్తితే మాట మార్చేసేవారు.

ఆదివారాలు మమ్మల్ని అడవికి లాక్కెళ్ళేవారు. అక్కడ కుళ్ళిన మొద్దుల మీద ఎర్ర హకిల్‌బెర్రీ పొదలు పెరుగుతాయి. బఠాణీ గింజంత పళ్ళు, పుల్లగా ఉంటాయి. వాటితో ఆవిడ చేసే పప్పు అచ్చం వాక్కాయ పప్పే. ఎర్రగా ఏది కనిపించినా నేను చెయ్యి చాచేదాన్ని.

"పండు ఎవరినైనా మోసం చేస్తుందే. ముందు కొమ్మ పట్టుకో," అనేవారు. కొమ్మ పచ్చగా, గట్టిగా ఉండాలి. వేళ్ళ మధ్య తిప్పితే పలకలు తగలాలి. ఆకు చిన్నగా, కోలగా ఉండాలి. అన్నీ కుదిరాకే పేరు చెప్పనిచ్చేవారు.

ఒక జూలైలో తెలుగువాళ్ళ పిక్నిక్‌కు వెళ్ళాం. ఇందిరగారు పప్పు పొయ్యి మీద పెట్టి, మోకాళ్ళ నొప్పితో కారులో కాసేపు నడుం వాల్చారు. ఇంతలో డాక్టరుగా చేసి రిటైరైన ఒక అంకుల్ గిన్నెడు ఎర్రపళ్ళు తెచ్చి పప్పులో వేయబోయారు. వాటికింకా ఆకుతో సహా అంటుకుని ఉన్న కాడను తీసి వేళ్ళ మధ్య తిప్పితే మెత్తగా తగిలింది.

"ఆగండి అంకుల్, ఇవి హకిల్‌బెర్రీలు కావు. బేన్‌బెర్రీలు, విషం."

"ముప్ఫై ఏళ్ళ నుంచి ఉంటున్నానమ్మా ఇక్కడ. నువ్వు నిన్నగాక మొన్న ల్యాండ్ అయ్యావు."

అయినా గిన్నె లాక్కుని చెత్తసంచిలో బోర్లించాను. అందరి మొహాలూ మాడిపోయాయి. ఎవరో వెళ్ళి ఇందిరగారిని పిలుచుకొచ్చారు. ఆవిడ కుంటుకుంటూ వచ్చి, నా చేతిలో ఉన్న కాడ చూసి, నన్నే అడిగారు.

"ఎలా పోల్చావు?"

"కాడ మెత్తగా ఉంది ఆంటీ, పలకల్లేవు. ఆకు అంచు రంపంలా ఉంది. పళ్ళు గుత్తిగా కాశాయి."

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి అంకుల్ వైపు తిరిగారు.

"ఈ అమ్మాయి నా స్టూడెంటండీ."

కెనడా వచ్చాక ఆ మాట అనగలగడం అదే మొదటిసారని ఇంటికొచ్చేటప్పుడు కారులో చెప్పారు. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

ఇప్పుడు నా పేరు పక్కన ఇక్కడి డిగ్రీలు రెండున్నాయి. అడవిలో కొత్తవాళ్ళకు మొక్కలు చూపించడమే నా ఉద్యోగం. ఎక్కడ చదివావని ఎవరైనా అడిగితే మాత్రం, ఇందిరగారి స్టూడెంట్‌నని ముందు చెబుతాను.