బంతి వేసే ముందు మూడు కేకలు

గోదావరిఖని కాలనీలోని మా చిన్న బడిలో యూకేజీ పిల్లలకు బంతి విసరడం నేర్పే పని నాది. చెయ్యి వెనక్కి, కాలు ముందుకు, చూపు బకెట్ మీద. వినడానికి ఎంత తేలికో! సగం మంది బంతితో పాటు తామూ ముందుకు పడేవారు. ఒకడైతే విసిరినట్టే విసిరి బంతిని చంకలో దాచేవాడు.

ఒక పాప మాత్రం గట్టిగా విసిరింది. బంతి నేరుగా వచ్చి, బకెట్ పక్కన నిలబడ్డ నా కళ్లద్దాలు పగలగొట్టింది. నేను నవ్వేశాను, పాప ఏడ్చింది. ఆ రోజు నుంచి ఎంత బతిమాలినా బంతిని చేతిలోంచి వదల్లేదు. "ఎవలకన్న తాకుతది" అనేది. నేర్పబోయి, వచ్చినదాన్ని కూడా పోగొట్టానని నాకు నిజంగా బాధేసింది.

ఆటల పోటీకి రెండు రోజులుందనగా వాళ్ల తాత వచ్చాడు. బొగ్గుబాయిలో బ్లాస్టింగ్ పని చేసి రిటైరైన మనిషి.

"ఫికర్ చెయ్యకు బిడ్డా, నేను నేర్పుత. పేల్చేటోడు ముందుగాల మూడుసార్లు ఒర్లాలె. అందరు మాటుకు పోవాలె. గప్పుడే పేల్చాలె. గట్లయితే ఎవలకు తాకదు."

"బంతికి కూడా మూడుసార్లు అరవాలా కాకా?"

"బంతయితేంది, బొగ్గయితేంది? పద్ధతి పద్ధతే."

ఆ మాటతో పాపకు ప్రాణం లేచొచ్చింది.

పోటీ రోజు తల్లిదండ్రులంతా వచ్చారు. తండ్రుల్లో చాలామంది బొగ్గుబాయిలో మొదటి షిఫ్టు ముగించుకుని, స్నానం చేసి, తల ఆరకముందే వచ్చినవాళ్లు. పాప సున్నంతో గీసిన గీత దగ్గర నిలబడి బంతి పైకెత్తి, "పేలుతాంది! పేలుతాంది! పేలుతాంది!" అని అరిచింది.

అలవాటు ఎక్కడికి పోతుంది? తండ్రులంతా ఒక్కసారిగా లేచి ప్రహరీ వెనక్కి పరిగెత్తారు. వాళ్లను చూసి తల్లులు, తల్లులను చూసి పిల్లలు. ముఖ్య అతిథి శాలువాతో సహా టేబుల్ కిందకి దూరాడు. మైదానంలో బకెట్, నేను మిగిలాం. నవ్వాపుకోలేక అక్కడే నిలబడిపోయాను.

పాప విసిరింది. బంతి వచ్చి నా కొత్త కళ్లద్దాలకు తగిలింది.

నాకు భయమేసింది. అద్దాల గురించి కాదు, ఇక ఈ పిల్ల జన్మలో బంతి విసరదేమోనని. మిగిలిన ఒక్క అద్దంలోంచి చూస్తే, పాప నడుం మీద చేతులు పెట్టుకుని నా వైపే వస్తోంది. కళ్లలో నీళ్లు లేవు, కోపం ఉంది.

"మూడుసార్లు ఒర్లిన గద టీచర్, ఎందుకు దాక్కోలే?"

తప్పు నాదేనని ఒప్పుకున్నాను. పాప నా చెయ్యి పట్టుకుని ప్రహరీ వెనక్కి తీసుకెళ్లి, తండ్రుల పక్కన నిలబెట్టింది. తర్వాత గీత దగ్గరికి వెళ్లి ఇంకో బంతి తీసుకుంది.