పెన్ను మూత

మా కరీంనగర్ కాలేజీల రసాయనశాస్త్రం చెప్పిన సారంటే నాకు ఇప్పటికీ పడదు. ఆయన పెన్ను మూత టక్కున పెట్టిండంటే ఇగ బేరం లేదు. డిగ్రీకి ఏ యూనివర్సిటీల దరఖాస్తు పెట్టాలన్నా ఆయన సిఫారసు కావాలె. ఒక్కో పిల్లగానికి ఒక్క యూనివర్సిటీకే రాసిచ్చేటోడు.

నాకు కావాల్సింది హైదరాబాద్. బాపు దుకాణంల బేరాల నడుమ పెరిగినోన్ని కదా, దిగిరావడానికి జాగా ఉంచుకుని ఇంకా పెద్దదే అడుగుదామని "కాశీ యూనివర్సిటీ, సార్" అన్న.

"కాశీకే పో" అని రాసిండు. టక్.

"హైదరాబాదైనా చాలు, సార్."

"అడిగింది ఇచ్చిన. నడువ్."

బాపు ఆ కాగితం చూసి, "కాశీకి ముసలోళ్లు పోతరు. నువ్వు కాంటా పట్టు" అన్నడు.

ఇప్పుడా సారు మా దుకాణానికొచ్చి, "చక్కెర ధర జర తగ్గించు, బిడ్డా" అంటడు. నేను డబ్బా మూత టక్కున పెడత.