లక్షకి పన్నెండు మైళ్ళు తక్కువ

వెర్నన్ ట్రాంటర్ మూత బిగించిన సీసాను ఆ ఇంట్లో మరెవరూ తీయలేరు. జామ్ సీసా అయినా, ఊరవేసిన ఉల్లిపాయల సీసా అయినా, ఒకసారి అతని చేతిలో పడిందంటే అంతే. నలభై ఆరేళ్ళ కాపురంలో గ్లెనిస్ చెంచా వెనకభాగంతో మూతల్ని చుట్టూ కొట్టి వదులు చేయడం నేర్చుకుంది. "నువ్వు బిగించింది జామా, ఇంజనా?" అంటుంది. అతను సిగ్గుపడతాడు గానీ మారడు. మారాలనుకున్నా చెయ్యి వినదు. ఇరవై రెండేళ్ళు ఆ చెయ్యి ఒక్కటే పని చేసింది.

కోలీబ్రూక్ కార్ల ఫ్యాక్టరీలో, ఇంజన్ల షాపులో, ఏడో నంబరు చోటు అతనిది. ఇంజను దొర్లుకుంటూ వచ్చి ముందు ఆగేది. దాని మొండెం మీద తల పెట్టి పది పొడుగాటి బోల్టులతో బిగించాలి. నడిమి బోల్టులతో మొదలుపెట్టి చివరలకు పోవాలి. ముందు పట్టు, తర్వాత సగం చుట్టు, మళ్ళీ సగం చుట్టు. అంతటితో ఇంజను ముందుకు కదిలిపోయేది. దానికి ఆ తర్వాత ఏం తగిలించారో, ఏం పోశారో చూసే తీరిక వెర్నన్‌కు లేదు. తలెత్తేలోగా ఇంకోటి వచ్చేది. మనిషికి చిటికెడు పని ఇచ్చి జన్మంతా దాన్నే చేయించి, చివర్న 'ఈయన కార్లు తయారు చేశాడండీ' అని చప్పట్లు కొట్టడం పెద్దవాళ్ళకు అలవాటు. వెర్నన్ ఏనాడూ కారు తయారు చేయలేదు. బోల్టులు బిగించాడు.

ఫ్యాక్టరీ మూతపడి పద్నాలుగేళ్ళయింది. మూతపడడానికి కారణాలు పది ఉండొచ్చు గానీ ఊరివాళ్ళ నోట్లో మిగిలింది ఒకటే: ఆ ఇంజన్లు నిలవలేదు. తలకూ మొండేనికీ మధ్య ఉండే పల్చటి గ్యాస్కెట్ కాలిపోయేది, నూనెలో నీళ్ళు కలిసేవి, బండి రోడ్డు మీద చచ్చేది. తప్పెవరిది? శుక్రవారం సాయంత్రం కార్మికుల క్లబ్బులో ఈ ప్రశ్న డామినోల పెట్టెతో పాటే బల్లమీదికి వచ్చేది.

"బోల్టులు సరిగ్గా బిగిస్తే గ్యాస్కెట్ ఎందుకు కాలుతుంది?" అనేవాడు సిరిల్ పిన్‌ఫీల్డ్.

"నీళ్ళు సరిగ్గా పడితే ఇంజను ఎందుకు ఉడుకుతుంది?" అనేవాడు వెర్నన్.

పిన్‌ఫీల్డ్‌ది పంతొమ్మిదో నంబరు చోటు. ఇంజన్లను చల్లబరిచే నీళ్ళు, అంటే కూలెంట్, పట్టడం అతని పని. ఇద్దరి మధ్యా నలభై గజాలు. ఇరవై రెండేళ్ళు ఒకరి ఈల ఒకరికి వినపడేది. ఖర్చు కలిసొస్తుందని ఆఫీసులో ఎవరో లోపలి భాగమొకటి చవకది వేయించారని కూడా ఒక మాట ఉండేది. కానీ ఆ ఎవరో ఎవరో ఎవరికీ తెలియదు. పేరు తెలియని మనిషితో ఎంతకాలమని పోట్లాడతారు? పిన్‌ఫీల్డ్ అయితే ఎదురుగానే ఉన్నాడు, చేతిలో బీరు గ్లాసుతో.

వెర్నన్ దగ్గర ఒక సాక్ష్యం ఉంది. రెండు సీట్ల ఆకుపచ్చ కారు, సీట్ల వెనక ఇంజను. ఫ్యాక్టరీ మూతపడ్డాక పాతబేరంలో కొన్నాడు. ఇంజను మీద చెక్కిన నంబరు చూసి, అది ఏ వారం తయారైందో లెక్క తీశాడు. ఆ వారం పగటి షిఫ్టు తనదే. అలాంటి కార్లున్న వాళ్ళందరూ ఒకసారో రెండుసార్లో ఇంజను తల విప్పించుకున్నారు. ఇతనిది మాత్రం విప్పలేదు. మీటరు మీద తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల యాభై ఒక్క మైళ్ళు. ఇంకో నలభై తొమ్మిది తిరిగితే లక్ష.

"లక్ష తిరిగాక బండి తెచ్చి క్లబ్బు గుమ్మంలో పెడతాను. మీటరు నువ్వే చదువు, గట్టిగా, అందరికీ వినపడేలా," అన్నాడు పిన్‌ఫీల్డ్‌తో.

"తోసుకొస్తావా? ముందే చెప్పు, ఇద్దర్ని సాయం పంపిస్తాను," అన్నాడు పిన్‌ఫీల్డ్. బల్ల చుట్టూ నవ్వారు.

అసలు భయం అప్పుడు పట్టుకుంది వెర్నన్‌కి. అన్నేళ్ళూ గుండె మీద చెయ్యి వేసుకుని నడిపినవాడికి చివరి నలభై తొమ్మిది మైళ్ళకు నిద్ర పట్టలేదు. ఆ ఇంజన్లలో నీళ్ళు చప్పుడు కాకుండా తగ్గిపోతాయి. వేడి చూపించే ముల్లు కదిలేసరికి అంతా అయిపోయి ఉంటుంది. అందుకని తోటి కార్లవాళ్ళు నీళ్ళ తొట్టికి ఒక సెన్సర్ పెట్టించుకున్నారు. తొట్టిలో తేలే బిరడా ఒకటి ఉంటుంది. నీటి మట్టం తగ్గితే అది కిందికి దిగి, డ్రైవరు ముందు ఎర్రబల్బు వెలుగుతుంది. "నా ఇంజనుకి కాపలాదారు ఎందుకోయ్?" అని అన్నేళ్ళూ ఎగతాళి చేసిన వెర్నన్, ఫిబ్రవరిలో అదే సెన్సర్ పోస్టులో తెప్పించుకున్నాడు. పొట్లం గ్లెనిస్ కంట పడకుండా పనిముట్ల షెడ్డులో దాచాడు గానీ, ఆ ఇంట్లో పొట్లాలు విప్పేది ఆమే.

శనివారం పొద్దున ఇంటి ముందు బండి పెట్టి పని మొదలుపెట్టాడు. తొట్టి ఊడదీయాలంటే గొట్టాలు విప్పాలి. విప్పేసరికి నీళ్ళన్నీ బకెట్లోకి దిగిపోయాయి. పోతే పోయాయి, కొత్తవి పోద్దాం అనుకున్నాడు. తొట్టి పక్కన డ్రిల్లుతో కన్నం పెట్టి, గరుకు లేకుండా గీకి, రబ్బరు వాషరు వేసి బిరడా కూర్చాడు. వైర్లని సీట్ల మధ్య నుంచి తెచ్చి స్టీరింగు పక్కన బల్బు బిగించాడు. చూడ్డానికి ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చినట్టుంది. చెయ్యి తిరిగిన పనివాడు మరి.

గ్లెనిస్ టీ తెచ్చి గోడ మీద పెట్టింది.

"నీళ్ళు పోసే పని సిరిల్‌ది కదా. పిలవరాదూ? రెండు వీధుల అవతలే ఉన్నాడు."

"నీళ్ళు పోయడానికి సలహా కావాలా? కెటిల్లో నువ్వు రోజూ పోస్తున్నావుగా, ఎవర్ని పిలుస్తున్నావు?"

"అడిగితే నీ సొమ్మేం పోయింది అంటున్నా."

"వాడు వచ్చి ఏమంటాడో తెలుసా? 'ట్రాంటర్‌కి నీళ్ళు పోయడం కూడా రాదు' అని శుక్రవారం దాకా ఆగడు, బస్టాపులోనే చెప్తాడు."

నిదానంగా పోశాడు. తొట్టి అంచు దాకా నిండింది. ఇంజను కాసేపు తిప్పి చూశాడు. పుల్లతో బిరడాని కిందికి నొక్కితే బల్బు వెలిగింది, వదిలితే ఆరింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ ఆరింది. చిన్నపిల్లాడిలా ఆరుసార్లు ఆడించాడు. మూత బిగించాడు. ఆ మూతని ఇంకెవరు తీస్తారో చూడాలి.

ఆదివారం లడ్లో అనే ఊళ్ళో ఉన్న గ్లెనిస్ అక్క అవ్రిల్ ఇంటికి బయలుదేరారు. క్లీ కొండ మీద మలుపులో లక్ష పూర్తవుతుందని వెర్నన్ మ్యాపు మీద వేలు పెట్టి లెక్క కట్టాడు. అక్కడ బండి ఆపి ఫ్లాస్కులో టీ తాగాలని ఏర్పాటు. గ్లెనిస్ పంది మాంసం కూరి కాల్చిన పైలు కూడా రెండు కట్టింది.

పొలాల మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. ఇరవై మైళ్ళు వెళ్ళాక గ్లెనిస్ కాళ్ళు ముడుచుకుంది.

"వెర్న్, హీటరు వేశావా?"

"పూర్తిగా వేశాను."

"మరి గాలి చల్లగా వస్తోందేం?"

"పాత బండి. వేడెక్కడానికి టైము పడుతుంది."

"ఎప్పుడూ పది నిమిషాల్లో కాళ్ళు కాలేవి. ఇవాళ కాళ్ళకి ఐసు కట్టినట్టుంది. ఏదో తేడాగా ఉంది. ఒకసారి ఆపి చూడు."

"చూడు, బల్బు వెలగలేదు. ముల్లు నడిమిలో ఉంది. నీళ్ళు నిండుగా ఉన్నాయి. నీ కాళ్ళ మాట నమ్మాలా, కొత్త సెన్సర్ మాట నమ్మాలా?"

గ్లెనిస్ తన కోటు విప్పి కాళ్ళకి చుట్టుకుంది.

ఇంకో పదిహేను మైళ్ళకు తీపి వాసన వచ్చింది, పంచదార మాడినట్టు. వెర్నన్‌కి ఆ వాసన తెలుసు. ఫ్యాక్టరీ వెనక, తిరిగొచ్చిన ఇంజన్ల గుట్ట దగ్గర ఆ వాసనే ఉండేది. కాలు ఎంత నొక్కినా బండి లాగడం మానేసింది. వెనక అద్దంలో తెల్లటి ఆవిరి తప్ప రోడ్డు కనపడలేదు. గడ్డి అంచుకి తీశాడో లేదో ఇంజను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

మీటరు మీద 99,988. బల్బు ఆరిపోయే ఉంది. వెర్నన్ దాన్నే చూస్తూ కూర్చున్నాడు, ఇప్పటికైనా వెలుగుతుందేమోనన్నట్టు.

బండిని ఎక్కించుకుపోవడానికి లారీతో ఒక అమ్మాయి వచ్చింది. ముప్ఫై దాటవు, ముక్కు చలికి ఎర్రబడింది. వెనక మూత ఎత్తి, గొట్టాన్ని చేత్తో పిసికింది.

"తొట్టి నిండుగానే ఉంది. లోపల మాత్రం ఖాళీ. గాలి పట్టింది. నీళ్ళు ఎవరు మార్చారండీ?"

"నేనే. నిన్న."

"గాలి తీశారా?"

"అంటే?"

"మరలు విప్పి గాలి వదలాలి కదా. రేడియేటర్ ముందుంది, ఇంజను వెనకుంది, మధ్యలో ఇంత పొడుగు గొట్టాలు. ఊరికే పోస్తే గాలి దారికి అడ్డంగా కూర్చుంటుంది. నీళ్ళు ఇంజనులోకి చేరవు, తొట్టిలోనే ఉండిపోతాయి. ఆ ముల్లు కూడా నీళ్ళు తగిలితేనే వేడి చెప్తుంది, గాలిలో ఏం చెప్తుంది? హీటరు చల్లగా వచ్చి ఉండాలే?"

గ్లెనిస్ రోడ్డు అవతలి కంచె వైపు తిరిగింది. 'నేను చెప్పలేదూ' అనలేదు. అని ఉంటే వెర్నన్‌కి కొంచెం తేలికయ్యేది.

"ఇవి ఎక్కడ తయారయ్యేవో నాకు తెలుసమ్మా," అన్నాడు వెర్నన్, ఏదో ఒకటి అనాలి కాబట్టి. "అక్కడ ఇరవై రెండేళ్ళు చేశాను."

"అయ్యో, మరి..." అంటూ ఆ పిల్ల ఆగింది. "ఏం పని?"

"బోల్టులు."

ఆమె తలూపి గొలుసు బిగించడానికి వంగింది.

సోమవారం మధ్యాహ్నం పిన్‌ఫీల్డ్ వచ్చాడు. లారీ మీద బండి రావడం వీధంతా చూసింది కాబట్టి కబురు చెప్పేవాళ్ళకి కొదవలేదు. గేటు దగ్గర నిలబడ్డాడు, లోపలికి రమ్మనేదాకా.

"ఎంత దాకా వచ్చింది?"

"పన్నెండు తక్కువ."

"తాడు కట్టి లాగుదామా? మా అల్లుడి వ్యానుంది. మీటరు తిరుగుతుందిగా."

"లాక్కెళ్ళిన మైళ్ళు కూడా మైళ్ళేనా?"

"కావులే," అన్నాడు పిన్‌ఫీల్డ్. మామూలుగా అయితే ఇక్కడ ఒక వెక్కిరింత పడాలి. పడలేదు. కోటు విప్పి గోడ మీద వేసి, ఇంజను పక్కకి వంగాడు. కళ్ళతో వెతకలేదు. చెయ్యి గొట్టాల కింద నుంచి దూరి, అటు తిరిగి, ఇటు తిరిగి, దాని దారిన అదే ఒక చిన్న మరని పట్టుకుంది. ఇరవై రెండేళ్ళు ఆ చెయ్యి చేసిందీ ఒక్కటే పని.

"తాళం తిప్పు. ఇంజను స్టార్టు చేయకు, తిప్పి ఊరుకో."

వెర్నన్ తిప్పాడు. పిన్‌ఫీల్డ్ మర వదులు చేశాడు. ముసలివాడు నిట్టూర్చినట్టు గాలి బయటికి వచ్చింది. చాలాసేపు వచ్చింది. తొట్టిలో నీళ్ళు గుటకలు వేస్తూ దిగాయి. బిరడా దిగింది. స్టీరింగు పక్కన ఎర్రబల్బు వెలిగింది.

ఇద్దరూ దాన్ని చూశారు.

"బాగా బిగించావు సెన్సరు," అన్నాడు పిన్‌ఫీల్డ్. "నాకు ఒక్క కేక వేస్తే పోయేది కదరా. రెండు నిమిషాల పని."

వెర్నన్ ఒక పాత గుడ్డ అందించాడు.

పిన్‌ఫీల్డ్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. వేళ్ళ సందుల్లో తడి ఆరిపోయినా తుడుస్తూనే ఉన్నాడు. "గ్యాస్కెట్ పోయుంటుంది. కానీ నీళ్ళు లేక ఉడికిపోయింది. అందులో నీ బోల్టుల తప్పేం లేదు."

పద్నాలుగేళ్ళు ఎదురుచూసిన మాట. శుక్రవారాలు లెక్కపెడితే ఏడు వందల పైన. ఆ మాట వింటే ఎలా ఉంటుందో వెర్నన్ ఎన్నిసార్లు ఊహించుకున్నాడో! తీరా అది ఇంటి ముందు, చచ్చిన బండి పక్కన, చెత్తడబ్బాల మధ్య వచ్చింది.

"శుక్రవారం క్లబ్బులో చెప్తావా ఇది?"

పిన్‌ఫీల్డ్ గుడ్డని మడిచాడు. మళ్ళీ విప్పి మడిచాడు.

"చెప్తే ఏమడుగుతారో నీకు తెలీదా? తప్పు బోల్టులది కాకపోతే మరి మిగతావన్నీ ఎలా చచ్చాయి అంటారు. అప్పుడు నేనేం చెప్పను?"

"చవక సామాను వేయించినవాళ్ళ సంగతి చెప్పు."

"ఎవరు వాళ్ళు? పేరు చెప్పు, చెప్తాను."

వెర్నన్‌కి ఏ పేరూ తెలియదు. వంగి తాళం తిప్పాడు. బల్బు ఆరింది.

పిన్‌ఫీల్డ్ కోటు వేసుకున్నాడు. గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. గేటు దాకా వెళ్ళి ఆగాడు.

"శుక్రవారం వస్తావుగా?"

"వస్తాను."

"బోల్టుల గురించి ఏదో ఒకటి అంటాను మరి. అనకపోతే వాళ్ళకి అనుమానం వస్తుంది." గేటు గొళ్ళెం వైపు చూస్తూ అన్నాడు. "నువ్వూ నీళ్ళ గురించి అను. ఊరుకోకు."