ఊగని ఎడమ చెయ్యి

పోయిన వారం ఆబిడ్స్‌లోని ఒక యానిమేషన్ ఇన్‌స్టిట్యూట్ నుంచి ఫోన్ వచ్చింది. నేను చదివింది అక్కడ కాదు. నేను చదివిన చోటు ఎప్పుడో మూతపడి, ఆ మెట్ల మీద ఇప్పుడు కళ్లద్దాల దుకాణం బోర్డు ఉంది. ఫోన్ చేసిన అమ్మాయి మర్యాదగా, "మేడమ్, ఫ్రీలాన్స్‌కి ఎట్లా ప్రిపేర్ కావాలో మా స్టూడెంట్స్‌కి ఒక గంట చెప్తరా? మీరెట్లా ప్రిపేర్ అయిన్రో గదే చెప్పుండ్రి" అంది. సరేనన్నాను. తర్వాత కాగితం తీసుకుని 'ఒకటి' అని అంకె వేసి, దాని పక్కన ఏం రాయాలో తోచక వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగి వచ్చాను. కూర్చున్నాను. మళ్లీ లేచాను. ఇట్లా కూర్చోలేక లేచి తిరగడం నాకు పాత అలవాటు. యానిమేషన్ నేర్చుకున్న ఏడాదంతా నేను శ్రద్ధగా చేసిన పని బహుశా అదొక్కటే.

అప్పుడు నాకు ముప్పై ఎనిమిదేళ్లు. ఆబిడ్స్‌లో ఒక పెళ్లికార్డుల దుకాణంలో కంప్యూటర్ మీద కార్డులు తయారుచేసేదాన్ని. పదకొండేళ్లలో ఎన్ని వినాయకుళ్లను, ఎన్ని నెలవంకలను, మా చర్చివాళ్ల పెళ్లిళ్లకు ఎన్ని శిలువలను బంగారు రంగులో అచ్చు వేయించానో చెప్పలేను. ఒకరోజు దుకాణం సేఠ్ భోజనానికి వెళ్లినప్పుడు, కార్డు మీద పల్లకి మోసే బోయీల బొమ్మను ఎనిమిదిసార్లు, ప్రతిసారీ కాళ్లు కొద్దిగా మార్చి గీసి, ఒకదాని వెనక ఒకటి గబగబా తిప్పి చూశాను. బోయీలు నడిచారు. ఒకడి కాలు ఇంకొకడి కాలిలోకి దూరిపోతూ, పల్లకిలో పెళ్లికూతురు పడిపోయేలా ఊగుతూ, ఎట్లాగో నడిచారు. ఆ మధ్యాహ్నం నుంచి నాకు ఆ కుర్చీలో కుదురు పోయింది. మా ఆయన నాంపల్లి కోర్టులో స్టెనో. రోజంతా ఇతరులు మాట్లాడింది రాసి రాసి, ఇంటికొచ్చాక తను మాట్లాడడం తగ్గించేసిన మనిషి. ఉద్యోగం మానేసి యానిమేషన్ కోర్సు చేస్తానంటే రెండు రోజులు ఆలోచించి, తీర్పు చదివినట్టు, "ఏడాది. గా తర్వాత ఉద్యోగం జూస్కోవాలె" అన్నాడు.

ఇంట్లో మూడో మనిషి మా అత్తమ్మ. మెదక్ వైపు ఒక మిషన్ ఆస్పత్రిలో ముప్పై రెండేళ్లు నర్సుగా చేసి రిటైరై, నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో మా కిరాయి ఇంట్లోనే ఉండేది. మంచం మీద దుప్పటి ఆమె పరిస్తే ముడత కోసం వెతకాల్సిందే. నా దుప్పటిని చూసి ఏమీ అనేది కాదు, మళ్లీ పరిచేది. చేతిలో ఎప్పుడూ ఒక నల్ల హ్యాండ్‌బ్యాగు. చర్చికి సరే, కూరగాయలకు సరే, ఈ మధ్య డాబా మీదికి బట్టలు తేవడానికి కూడా దాన్ని పట్టుకునే వెళ్తోందని నవ్వుకునేవాళ్లం. నా కోర్సు సంగతి విని, "బొమ్మలు గీసెటోళ్లకు గూడ పరీక్షలుంటయా?" అని ఒక్క మాట అడిగి ఊరుకుంది.

పరీక్షంటే సినిమాయే. చివర్లో ఒక్కొక్కరం మూడు నిమిషాల సినిమా సొంతంగా చేసి చూపించాలి. స్టూడియోలవాళ్లు వచ్చి చూస్తారు, నచ్చినవాళ్లను తీసుకుంటారు. నా క్లాసు పిల్లలకు పంతొమ్మిది, ఇరవై ఏళ్లు. వాళ్ల సినిమాల్లో రాక్షసులు, రోబోలు. నేను అనుకున్న కథ చాలా చిన్నది. ఒక ముసలావిడ ఆదివారం పొద్దున నాంపల్లి నుంచి నడుచుకుంటూ, ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద పరిచిన పాత పుస్తకాలు దాటుకుంటూ, తెలిసినవాళ్లతో మాట్లాడుతూ చర్చికి ఆలస్యంగా చేరుతుంది. లోపల పాట మొదలైపోయి ఉంటుంది. గుమ్మంలోనే నిలబడి గొంతు కలుపుతుంది. అంతే. కానీ అంతా నడకే. ఒక్క సెకను నడకకు పన్నెండు బొమ్మలు గీయాలి. రెండు నెలలు గీశాను. కంప్యూటర్ వాటిని కలిపి వీడియోగా కడుతున్న ఆ పది నిమిషాలు కూడా కూర్చోలేక మెట్లు దిగి, స్టేషన్ దాకా నడిచి, మళ్లీ వెనక్కి వచ్చేదాన్ని. దారిలో జనం నడకలు చూసేదాన్ని. సూట్‌కేసు లాగేవాళ్లు, కోర్టుకు వెళ్లే నల్లకోట్లు, మెట్రో మెట్లు రెండేసి ఎక్కేవాళ్లు. తిరిగి వచ్చి చూస్తే నా ముసలావిడ నడక ఎవరిదీ కాని నడకలా ఉండేది.

మా సార్ నాకంటే పదేళ్లు చిన్నవాడు. నన్ను మందలించాల్సి వచ్చినప్పుడల్లా ముందు టీ తాగారా అని అడిగేవాడు. ఆ రోజు కూడా అడిగి, "రోడ్డు మీదున్నోళ్లందర్ని గీసిన్రు మేడమ్, ఒక్క మనిషిని గీయలే. మీ ఇంట్ల ఎవర్నన్న నడిపించి ఫోన్‌ల వీడియో తీయుండ్రి. ఒక్కొక్క బొమ్మ ఆపి చూసి గీయుండ్రి" అన్నాడు.

ఇంట్లో ముసలావిడ ఒక్కరే. మర్నాడు పొద్దున డాబా మీద అత్తమ్మను ఈ గోడ నుంచి ఆ గోడకు నడవమన్నాను. బ్యాగుతో వచ్చింది. సినిమాలో ఆవిడకు బ్యాగు లేదు, పక్కన పెట్టమన్నాను.

"బ్యాగు లేకుంటే నాకు నడువరాదు."

"జర సేపు అత్తమ్మా. రెండుసార్లు అటూ ఇటూ నడిస్తే చాలు."

ఇష్టం లేకుండానే నడిచింది. నేను సంబరంగా వీడియో తీశాను. మూడు రోజులు ఆ వీడియో చూసి గీశాను. మొదటిసారి నా బొమ్మలో ఒక మనిషి కనిపించింది. ఆ తల కొంచెం ముందుకు వంచడం, వార్డులో పేషెంట్లు నిద్ర లేస్తారేమో అన్నట్టు అడుగు మెత్తగా వేయడం అచ్చం ఆవిడే. సార్ చూసి మెచ్చుకుని, "అంతా బాగొచ్చింది గానీ మేడమ్, ఎడమ చెయ్యి మర్చిపోయిన్రు" అన్నాడు.

మర్చిపోలేదని నాకు తెలుసు. చూసిందే గీశాను. వీడియో మళ్లీ పెట్టాం. కుడి చెయ్యి ముందుకూ వెనక్కూ ఊగుతోంది. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర కొంచెం వంగి, ఒంటికి ఆనుకుని, ఊగకుండా అట్లాగే ఉంది. ఫోన్ పట్టుకున్న తీరులో తేడా అనుకుని, మరుసటి రోజు ఇంకో వైపు నుంచి తీశాను. అదే. మా ఆయన చెల్లెలి పెళ్లి వీడియో వెతికాను, అయిదేళ్ల కిందటిది. అందులో అత్తమ్మ పట్టుచీరలో వేదిక వైపు వస్తోంది, రెండు చేతులూ ఊపుకుంటూ, కవాతులా. ఒక మనిషితో పదిహేనేళ్లు ఒకే ఇంట్లో ఉండి, ఆవిడ చెయ్యి ఆగిపోయిన సంగతి, సెకనును పన్నెండు ముక్కలు చేస్తే గానీ కనిపించలేదు.

అత్తమ్మ వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పక్కన కూర్చుని అడిగాను.

"మీ ఎడమ చెయ్యికి ఏమైంది అత్తమ్మా?"

"ఏమైతది. ముసల్దైంది."

"కుడిది గూడ గంతే వయసు గదా."

చేతిలోని కాయ తుంచి గిన్నెలో వేసి, ఇంకొకటి తీసుకోలేదు. "ముప్పై రెండేండ్లు వార్డులల్ల తిరిగిన. నాకు తెల్వదనుకున్నవా?" అంది.

"ఎప్పటిసంది?"

"క్రిస్మస్ ముందటిసంది. చర్చిల నోట్స్ రాస్తుంటే అక్షరాలు చీమలంత ఐతున్నయ్. చెయ్యి వణుకుతలేదు గదా అని ఊకున్న."

బ్యాగు సంగతి అప్పుడు అర్థమైంది. బరువు పట్టుకున్న చెయ్యి ఊగకపోయినా ఎవరూ అడగరు. మాతో ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెప్తే నువ్వు ఆ కంప్యూటర్ ముందటికెళ్లి లేస్తవ్. వాడు కోర్టుకెళ్లి వచ్చి నా మొకం చూసుకుంట కూసుంటడు. గది నాకు వద్దు. నీ పిక్చర్ అయినంక చెప్దామనుకున్న" అంది. అది నిజంగా నా సినిమా కోసమేనో, పేషెంట్ అనిపించుకోవడం ఇష్టం లేని నర్సు భయమో, ఇప్పటికీ నాకు తెలియదు. రెండూ కావచ్చు. ఆ వారమే ఆస్పత్రికి తీసుకెళ్లాం. మా ఆయన దారి పొడుగునా తల్లి ఎడమ చెయ్యి వదల్లేదు. డాక్టరమ్మ అత్తమ్మను వరండాలో నడిపించింది, వేళ్లు ఆడించమంది, పేరు రాయమంది. పార్కిన్‌సన్స్ మొదలైందని, అందరికీ మొదట్లోనే వణుకు రాదని, మందులున్నాయని, రోజూ నడక, వ్యాయామం తప్పకూడదని చెప్పింది. అత్తమ్మ డ్యూటీ అప్పగింతలు వింటున్నట్టు తలూపింది.

సినిమా ఇంకా సగంలోనే ఉంది. నాలుగు రోజులు ముట్టుకోలేదు. అయిదో రోజు అత్తమ్మే, "ఇంట్ల ఊకె తిరుగుతవేంది, పోయి పని చూస్కో" అని బయటికి పంపింది. ఇన్‌స్టిట్యూట్‌లో సార్‌కు సంగతి చెప్పాను. ఆయన టీ తాగారా అని అడిగి, మెల్లగా, "అయినా చెయ్యి ఊపుండ్రి మేడమ్. ఇది తెల్వనోళ్లకు తప్పు లెక్క కనవడ్తది. స్టూడియోవాళ్లు మొదటి పది సెకన్లే చూస్తరు" అన్నాడు. నా మంచికే చెప్పాడు. ఊపాను. ఒక వారం కూర్చుని ఎడమ చేతిని చక్కగా ఊపాను. నడక పుస్తకంలో ఉన్నట్టు కుదిరింది, మనిషి మాత్రం మాయమైంది. నాకు పిచ్చెక్కింది. ఆబిడ్స్ నుంచి నాంపల్లికి, నాంపల్లి నుంచి ఆబిడ్స్‌కు తిరిగి తిరిగి చెప్పులు అరిగాయి. చివరికి రెండు రకాల నడకలూ ఫోన్లో వేసుకుని అత్తమ్మకు చూపించాను. చేతులు ఊగేదాన్ని చూసి, "ఎవరీమె?" అంది. రెండోది చూడడానికి ఫోన్ తన చేతిలోకి తీసుకుంది. తర్వాత, "గిది నేను" అంది.

"గిదే పెడితే అందరికి తెలుస్తది అత్తమ్మా."

"తెల్వనీ. దాసిపెట్టి దాసిపెట్టి బ్యాగు పట్టుకునే తిరిగిన గదా ఇన్ని రోజులు."

అదే పెట్టాను.

సినిమాలు చూపించిన రోజు ఇన్‌స్టిట్యూట్ హాలు నిండిపోయింది. అత్తమ్మ రెండో వరసలో ఇస్త్రీ చీరలో కూర్చుంది. నా మూడు నిమిషాలు అయ్యాక చప్పట్లు బాగానే పడ్డాయి. స్టూడియో నుంచి వచ్చినాయన మైకు తీసుకుని, కథ బాగుందని, రంగులు బాగున్నాయని, అయితే నడకలో ఎడమ చెయ్యి కదలడం లేదని, మొదటి పాఠంలో నేర్పే విషయం కదా అని అన్నాడు. జవాబు నోటి దాకా వచ్చింది. అత్తమ్మ అక్కడే ఉంది, ఆవిడ జబ్బును నేనెట్లా మైకులో చెప్పను? థాంక్యూ సార్ అని కూర్చున్నాను. ఆయన తర్వాతి రోబో దగ్గరికి వెళ్లిపోయాడు. బయటికొచ్చాక ఆటో పిలవడం కూడా మర్చిపోయి, కోపంగా గబగబా నడుస్తున్నాను. వెనక నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది. "జర మెల్లగ నడువ్ బిడ్డా. నీ పిక్చర్ల ఆమెను నేను."

ఏ స్టూడియో నుంచీ పిలుపు రాలేదు. నేనే వెళ్లిన ఒకటి రెండు చోట్ల కొత్తగా చేరేవాళ్ల వయసు గురించి మర్యాదగా మాట్లాడారు. పైగా అవన్నీ ఊరికి అవతలి కొసన ఉన్నాయి. పొద్దున అత్తమ్మతో వ్యాయామం చేయించి, నడిపించి అంత దూరం వెళ్లడం కుదిరే పని కాదు. అట్లా ఫ్రీలాన్స్ అయ్యాను. అది నేను ధైర్యంగా తీసుకున్న నిర్ణయమని చెప్పుకోవడం తర్వాత నేర్చుకున్నాను. కిటికీ పక్కకు బల్ల జరిపాను. నచ్చక గోడ పక్కకు జరిపాను. మళ్లీ కిటికీ దగ్గరికి తెచ్చాను. నా పని నమూనాలన్నీ ఒక నిమిషం వీడియోగా కూర్చాను, ఆరుసార్లు మార్చాను. పాత సేఠ్ విజిటింగ్ కార్డులు వేసి ఇచ్చాడు, చుట్టూ పెళ్లికార్డుకు వేసే మామిడిపిందెల అంచుతో సహా. వద్దంటే, "అంచు లేకుంటే కార్డు బోసిగ కనవడ్తది బేటీ" అన్నాడు. అత్తమ్మ కార్డు తిప్పి చూసి, ఫ్రీలాన్స్ అంటే ఏందని అడిగింది. ఎవరి దగ్గరా ఉద్యోగం లేకుండా, పని వచ్చినప్పుడు చేయడమని చెప్పాను.

"రాకుంటే?"

"వచ్చేదాక ఎదురుచూడాలె."

"గదైతే నీతోని కాదు" అంది, సందేహం లేకుండా.

పని ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఆస్పత్రి నుంచి. మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు అత్తమ్మ, నేను వారిస్తున్నా వినకుండా, నా ఫోన్ తీసుకుని సినిమా డాక్టరమ్మ ముందు పెట్టింది. బయట పేషెంట్లు ఎదురుచూస్తున్నా ఆవిడ మూడు నిమిషాలూ చూసింది. మళ్లీ మొదటి నుంచి పెట్టి, ఆ చెయ్యి దగ్గర ఆపింది. "ఇది ఇంత కరెక్ట్‌గా ఎట్లా గీశారు?" అంది. తర్వాత, పేషెంట్లకు ఎట్లా నడవాలో, మంచం మీద నుంచి ఎట్లా లేవాలో నోటితో చెప్తే గుర్తుండడం లేదని, ఇట్లాంటి చిన్న చిన్న బొమ్మల వీడియోలు తెలుగులోనూ ఉర్దూలోనూ చేసివ్వగలరా అని అడిగింది. ఎంత తీసుకుంటారంది. నేను మొహమాటంతో, ఏమీ వద్దులెండి అనబోయాను. అత్తమ్మ అడ్డుపడి, "ఊకెనే చెయ్యది మేడమ్. కార్డు గూడ ఉన్నది" అని తన బ్యాగులోంచి నా కార్డు తీసి ఇచ్చింది.

ఆ వీడియోల్లో నడిచే మనిషీ అత్తమ్మే. ఇప్పటికీ ఆ ఆస్పత్రి వరండాలో తెర మీద నడుస్తూ ఉంటుంది. ఆ పని చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు వచ్చారు. అత్తమ్మ ఇప్పుడు అడుగు చాలా చిన్నగా వేస్తుంది, గది దాటడానికి నా భుజం కావాలి, నా దుప్పటిని మళ్లీ పరిచే ఓపిక లేదు గానీ వంక పెట్టే ఓపిక ఉంది. కాగితం మీద 'ఒకటి' అంకె పక్కన ఇంకా ఖాళీగానే ఉంది. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో అంతా చేయి దాటిపోయిందని, పరుగెత్తకపోతే ఏమీ దక్కదని నాకు ఒకటే గాభరా. ఇప్పుడు నలభై ఆరు. వయసు పెరిగేకొద్దీ మిగిలిన టైము తగ్గిపోవాలి కదా. నాకెందుకో అప్పటికంటే ఇప్పుడే ఎక్కువ ఉన్నట్టనిపిస్తోంది.