పొగ లెక్కకు చిక్కని గుల్

ఏడో తరగతితో బడికి దండం పెట్టిన నన్ను ఒక ఎకనామిక్స్ ప్రొఫెసరుగారు పరిశోధనకు వెంటబెట్టుకెళ్ళారంటే, అదెలాంటి పరిశోధనో మీకే అర్థమవుతుంది. ఇంధనం, పర్యావరణ విధానం ఆయన విషయం. ఖరగ్‌పూర్‌లో పెరిగాను కాబట్టి నాకు బెంగాలీ వచ్చు. అదే నా అర్హత. ఆవిరి ఇంజన్లు ఇంకా పూర్తిగా పోని రోజులవి.

సాయంత్రం నాలుగింటికి విశాఖలో మెయిలెక్కాం. ఎదుటి సీట్లో, ఖరగ్‌పూర్‌లోనే తాల్‌బగీచా పేటకు వెళ్తున్న రిటైర్డు రైల్వే ఫిట్టరు, దేనిమీద పరిశోధన అని అడిగాడు. ప్రొఫెసరుగారు పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా వివరించారు.

"అంటే పొగ మీద పుస్తకమా బాబూ? మేం షాపులో ముప్పయ్యేళ్ళు మింగినాం. ఒక్క పేజీ రాయలేకపోనాం," అన్నాడాయన.

బొగ్గుపొడి కాలుస్తున్నట్టు తేలిన పేటల్లో దాని అమ్మకమే ఆపించేలా నివేదిక రాస్తానని ప్రొఫెసరుగారు చెబుతుంటే తింటున్న పూరీ మళ్ళీ పొట్లంలో పెట్టేశాను. మా నరసమ్మత్త బతుకుతున్నదే దానిమీద.

ఉదయం ఆరున్నరకు ఖరగ్‌పూర్. మీరు వెళ్తే చివరి పెట్టె ఎక్కకండి. ఆ ప్లాట్‌ఫారం నడిచేసరికి రాత్రి తిన్నది అరిగిపోతుంది. రిక్షాలో అత్త ఉండే ఖరిదా పేట చేరాం. ఎనిమిదింటికి అత్త వాకిట్లో బొగ్గుపొడీ మట్టీ కలిపి చుట్టిన ఉండలు వరసగా ఆరుతున్నాయి. వాటినే అక్కడ గుల్ అంటారు. ప్రొఫెసరుగారు వాటిని దాటుకుని లోపలికెళ్ళి కూర్చున్నారు. సంగతి అత్త చెవిన వేశాను.

"రాసేస్తే నాకు కూడేటిరా అల్లుడూ?" అంది మెల్లగా.

ఆయన ఫారంలో కట్టె, బొగ్గు, కిరసనాయిలు, గ్యాసు ఉన్నాయి. పొయ్యిలో ఏం వాడతారని అడగ్గానే, అలవాటైన నోరు కాబట్టి, "గుల్" అనేసి నాలిక కరుచుకుంది అత్త.

"గుల్లలా? సముద్రం గుల్లలా?" అన్నారాయన. నావైపు తిరిగి, ఆ మాటకు అర్థమేమిటన్నారు. అత్త నన్నే చూస్తోంది.

"బెంగాలీలో గుల్ కొట్టడమంటే కోతలు కోయడం సార్," అన్నాను. అబద్ధమేం కాదు, ఆ అర్థమూ ఉంది.

ఆయన మొహం మాడ్చుకుని, జవాబు అబద్ధమని కాగితం కొట్టేశారు. పక్కింట్లోనూ గుల్ అన్నారు. ఆ పై ఇంట్లోనూ అదే. పదకొండిళ్ళు తిరిగి పదకొండు కాగితాలూ కొట్టేశారు.

ప్రేమ్ బజార్‌లో చేపలకూరతో అన్నం తిని సాయంత్రం బండెక్కాం.

"చదువు లేకపోతే నిజం చెప్పే అలవాటు రాదయ్యా," అన్నారు ప్రొఫెసరుగారు. అవునన్నాను.

ఖరగ్‌పూర్ తప్పకుండా చూడండి. చేప బాగుంటుంది, మనుషులు మంచివాళ్ళు. పొగ కూడా కావలసినంత ఉంది, ఆయన నివేదికలో తప్ప.